ముప్పై అయిదు దగ్గర నిజం

పెద్ద తొట్టెను ఆ మధ్యాహ్నమే ఖాళీ చేసేయాలని తేలిపోయింది. అక్వేరియం సూపర్నెంటు గారు అందుకు అప్పటికే సంతకం పెట్టేశారు. తొట్టెలో రోగం పడిందనీ, కొత్తగా తెచ్చిన సముద్ర నక్షత్రాన్ని కొన్నాళ్ళు విడిగా ఉంచి చూడకుండా అందులో వదలడం వల్లే అది వచ్చిందనీ తేల్చింది అక్కడి ప్రాణులకు వైద్యం చూసే డాక్టరమ్మ. వదిలిన మనిషి నీళ్ళక్క. అక్వేరియంలో తొట్టెలన్నిటికీ ఉప్పునీళ్ళు కలిపి, కొలిచి, కాపాడే మనిషి కాబట్టి ఆమెకు ఆ పేరు. పేరు పెట్టి పిలిచేవాళ్ళే లేరు. ఇంట్లో మాత్రం ఆమె డాక్టరమ్మకు స్వయానా వదిన.

తొట్టె ఖాళీ చేసి బ్లీచింగు కొట్టడమంటే మాటలు కాదు. చేపల్ని వలతో పట్టి వేరే చోటికి మారుస్తారు. నక్షత్రాలకూ పగడాలకూ ఆ యోగం లేదు, రోగం వాటిలోనే ఉందంటున్నారు కనుక. అందరికంటే ముందు పోయేది రాణి. రాణి అంటే సముద్రపు పువ్వు. చూడటానికి పువ్వే గాని అది జంతువు. రాయిని కరుచుకుని కూర్చుని, వేళ్ళలాంటి రెక్కలు చాపి పళ్ళెమంత వెడల్పున విచ్చుకునేది. పిల్లలు దాని ముందు నుంచి కదిలేవారు కాదు. అలాంటిది ఇప్పుడు ముడుచుకుపోయి, పిండేసిన గుడ్డలా రాతికి అతుక్కుని ఉంది.

ఆ ఉదయం ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. అన్ని మాటలూ నీళ్ళక్క అత్తగారే మాట్లాడారు. తుంటి ఎముక ఆపరేషనయ్యాక ఆవిడ చేతికర్రతో హాల్లో అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టారు.

"ఈ ఇంట్లో వదినామరదళ్ళిద్దరికీ నేను పోస్టుమాన్నయిపోయాను. కాఫీ చల్లారిపోతోందని దానికి చెప్పమంటుంది ఇది. అక్కర్లేదని దీనికి చెప్పమంటుంది అది. కాలు విరిగినదాన్ని, ఎన్ని ఉత్తరాలని మొయ్యను?"

నీళ్ళక్క నవ్వలేదు. డాక్టరమ్మ చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. నీళ్ళక్క ఈ ఇంటికి కోడలిగా వచ్చిననాడు రెండు జడలతో బడికి వెళుతున్న పిల్ల అది. ఆ జడలు అల్లింది నీళ్ళక్కే. తొట్టెలో రోగమని రాసిన రిపోర్టు వచ్చిన రోజు నుంచి ఆ పిల్ల తనను 'వదినా' అనడం మానేసి 'మీరు' అనడం మొదలుపెట్టింది. ఉద్యోగం పోతుందన్న బెంగ కంటే ఆ 'మీరు' ఎక్కువగా గుచ్చుకుంటోంది. ఇక ఇంటాయన, అంటే రొయ్యలాయన, చెల్లెలి పక్షమంటే పెళ్ళానికి కోపం, పెళ్ళాం పక్షమంటే చెల్లెలికి కోపం అని రొయ్యపిల్లల హేచరీలోనే కాపురం పెట్టేశాడు.

"ఏమే, ఇలా రా. ఈ కాటా సంగతి చూడు" అని పిలిచారు అత్తగారు.

బరువు చూసుకొమ్మని డాక్టరు చెబితే కొన్న కాటా అది. ఆవిడ చేతికర్ర గోడకానించి, కోడలి భుజం పట్టుకుని దాని మీదికి ఎక్కారు.

"నిన్న ఆస్పత్రిలో తూచారుగా, అక్కడ చెప్పినదానికీ దీనికీ పొంతనే లేదు. ఇది చెప్పేది నిజమైతే నేను పెళ్ళికూతురినాటి బరువుకొచ్చేశాను!"

"కింద పెట్టినప్పుడు సరిచేశానత్తయ్యా. ముల్లు సరిగ్గా సున్నా మీదుంది."

"ఉంటుందమ్మా, ఎందుకుండదూ? ఎవరూ ఎక్కనప్పుడు మహా పతివ్రతలా సున్నా చూపిస్తుంది. ఎక్కినవాళ్ళ బరువు చెప్పలేని కాటా దిగినవాళ్ళకు సున్నా చూపిస్తే ఎవడిక్కావాలి?"

ఆవిడ దిగారు. ముల్లు వచ్చి సున్నా మీద ఆగింది. నీళ్ళక్క దాని వంక అలాగే చూస్తూ ఉండిపోయింది.

"ఏమైందే? ఏం, బాకీలేమైనా గుర్తొచ్చాయా?"

"అత్తయ్యా, సాయంత్రం మీ కాళ్ళకు దణ్ణం పెడతాను. ఇప్పుడు టైము లేదు" అంటూ నీళ్ళక్క సంచీ భుజానికి తగిలించుకుని పరుగులాంటి నడకతో బయటపడింది.

*

ఉప్పు కలిపే గది అక్వేరియం వెనకవైపు ఉంటుంది. పీపాలు, పంపులు, గోడ పొడుగునా తెల్లటి పైపులు. ఎప్పుడూ తడిగా ఉండే సిమెంటు నేల. కిటికీ దగ్గర చెక్కబల్ల మీద ఉప్పు కొలిచే పరికరం ఉంది. రిఫ్రాక్టోమీటరు. నోరు తిరగనివాళ్ళంతా దాన్ని ఉప్పుగొట్టం అంటారు. జానెడు పొడవు ఉంటుంది. ఒక చివర ఏటవాలుగా అద్దం, దాని మీద మూత. అద్దం మీద నీటిబొట్టు వేసి, మూత వేసి, వెలుగు వైపు తిప్పి రెండో చివర కన్ను పెడితే పైన నీలం, కింద తెలుపు కనిపిస్తాయి. రెండూ కలిసే గీత ఏ అంకె మీద నిలిస్తే నీళ్ళలో ఉప్పు అంత. సముద్రపు ప్రాణులకు ముప్పై అయిదు, అంటే కిలో నీళ్ళలో ముప్పై అయిదు గ్రాములు ఉండాలి.

పాత గొట్టం కిందపడి పగిలితే ఈ కొత్తది తెప్పించారు. రాణి ముడుచుకోవడం మొదలుపెట్టింది ఆ తరువాతే. కానీ ఎవరికీ దాని మీద అనుమానం రాలేదు. నీళ్ళక్కకూ రాలేదు. రోజూ ఉదయం డిస్టిల్డ్ వాటర్ బొట్టు వేసి చూసేది. గీత సరిగ్గా సున్నా మీద నిలిచేది. సున్నా సరిపోయింది కదా అని ఊరుకునేది.

ఆమె వెళ్ళేసరికి సూపర్నెంటు గారు, డాక్టరమ్మ అక్కడే ఉన్నారు. పెద్ద తొట్టె వాల్వు తాళంచెవి సూపర్నెంటు గారి చేతిలో గలగలమంటోంది. ఆయన గాబరాపడినప్పుడల్లా తాళాలు మోగుతాయి.

"సార్, వాల్వు తిప్పకండి. తొట్టెలో రోగం లేదు. నీళ్ళలో ఉప్పు లేదు."

"ఉప్పు లేదా? నిన్న సాయంత్రం నా చేత్తో కొలిచాను. ముప్పై అయిదు. మీరు కూడా రోజూ ముప్పై అయిదనే చెప్పారు" అంది డాక్టరమ్మ, గొట్టం వైపు చూపిస్తూ.

"అది చెప్పింది. నేను నమ్మాను. నువ్వూ నమ్మావు."

"చూడండమ్మా, మీ ఇంటి గొడవలు ఇంట్లో తేల్చుకోండి. నన్ను మధ్యలో నలిపెయ్యకండి" అన్నారు సూపర్నెంటు గారు.

"ఇది ఇంటి గొడవ కాదు సార్. పావుగంట ఇవ్వండి. నేను చెప్పింది తప్పయితే వాల్వు నేనే తిప్పుతాను. రాణిని నా చేత్తోనే తీస్తాను."

ఆ చివరి మాటకు డాక్టరమ్మ తల తిప్పి చూసింది. రాణిని తీసే పని ఎవరి నెత్తిన పడుతుందా అని ఆమె నిద్రపోని మాట నిజమే.

"ఏం చేస్తారు పావుగంటలో?"

"నేనేమీ చెయ్యను. అంతా నువ్వే చేస్తావు. నేను ముట్టుకుంటే రేపు నామీద అనుమానం వస్తుంది. నీ గదిలో తక్కెడ ఉంది. బీరువాలో సీలు తియ్యని శుద్ధమైన ఉప్పు సీసా ఉంది. డిస్టిల్డ్ వాటర్ ఉంది. కలిపిన నీళ్ళు మొత్తం కిలో తూగాలి. అందులో ముప్పై ఆరున్నర గ్రాములు ఉప్పు, మిగతాదంతా నీళ్ళు. అంతే."

"ముప్పై ఆరున్నరా? మనకు కావలసింది ముప్పై అయిదు కదా" అన్నారు సూపర్నెంటు గారు.

"సముద్రంలో ఉన్నది ఒక్క ఉప్పు కాదు సార్, రకరకాల లవణాలు. ఈ గొట్టం రుచి చూడదు. నీళ్ళలో వెలుగు ఎంత వంగిందో చూస్తుంది. ముప్పై అయిదున్న సముద్రపు నీళ్ళు ఎంత వంచుతాయో, నేను చెప్పిన ఉప్పునీళ్ళూ సరిగ్గా అంతే వంచుతాయి. అమ్మాయీ, నామాట నమ్మొద్దు. నీ పుస్తకంలో చూడు."

డాక్టరమ్మ చూసింది. తన గదిలోకి వెళ్ళి, లావుపాటి పుస్తకం తెచ్చి, నిలబడే పేజీలు తిప్పింది. ఒక పట్టిక దగ్గర వేలు ఆగింది. ఇంకో పట్టిక దగ్గర ఆగింది. రెండుచోట్లా అంకె ఒకటే. పుస్తకం మూసి, తక్కెడ తెచ్చి బల్ల మీద పెట్టింది.

ఆ పిల్ల పనితనం చూసి తీరాలి. సీసా సీలు తీసింది. గాజు పాత్రను ఆరబెట్టింది. చెంచాతో ఉప్పు కొంచెం వేసి, కొంచెం తీసి, చివరికి చెంచా అంచును గోటితో తట్టి ఒక్కొక్క పలుకే రాల్చింది. నీళ్ళు కూడా అలాగే, చుక్క చుక్కగా. కోపం ఉన్న మనిషి ఇంత నిదానంగా తూకం వెయ్యలేదు. అది చూస్తుంటే నీళ్ళక్కకు ఆ అపాయంలో కూడా కాస్త గర్వమనిపించింది. పెంచిన చెయ్యి కదా.

ఉప్పంతా కరిగిపోయింది. నీళ్ళు తేటపడ్డాయి.

"ముందు డిస్టిల్డ్ వాటర్ వెయ్యి. సున్నా ఎలా ఉందో సార్‌కు చూపించు."

బొట్టు వేసింది. మూత వేసింది. సూపర్నెంటు గారు కన్ను పెట్టారు.

"సున్నా! వెంట్రుకవాసి కూడా తేడా లేదు. మరి ఇంకేమిటమ్మా?"

"ఇప్పుడు అద్దం తుడిచి, ఈ ఉప్పునీళ్ళు వెయ్యి. బుడగలు రాకుండా చూడు. వెంటనే చూడకు. ఆ బొట్టు అద్దమంత చల్లబడనీ."

డాక్టరమ్మ మెత్తటి గుడ్డతో అద్దం తుడిచి, బొట్లు వేసి, మూత దించింది. ముగ్గురూ ఆగారు. పంపులు గురగురమంటున్నాయి. సూపర్నెంటు గారి తాళాలు కూడా మోగడం మానేశాయి. డాక్టరమ్మ గొట్టాన్ని కిటికీ వైపు ఎత్తి కన్ను ఆనించింది.

చాలాసేపు దించలేదు.

"ఎంత?" అన్నారు సూపర్నెంటు గారు.

ఆమె మూత తెరిచింది. అద్దం తుడిచింది. మళ్ళీ బొట్లు వేసింది. మళ్ళీ చూసింది. ఆ తరువాత ఆ నీళ్ళను పారబోసి, పాత్ర కడిగి, మొదటి నుంచి ఉప్పు తూచడం మొదలుపెట్టింది. రెండోసారి కలిపిన నీళ్ళతో మళ్ళీ చూసింది. నీళ్ళక్కకు తెలుసు. ఆ పిల్ల ఎవరి మాటా ఊరికే నమ్మదు, తన చేతి పనినే నమ్ముతుంది. నమ్మనిస్తే సరి.

చివరికి గొట్టం దించి బల్ల మీద పెట్టింది డాక్టరమ్మ. 

"నలభై" అంది.

"అంటే?"

"అంటే సార్, ముప్పై అయిదున్న నీళ్ళను ఇది నలభై అంటోంది. సున్నా దగ్గర నిజం చెబుతుంది. పైకి పోయేకొద్దీ ఎక్కువ చేసి చెబుతుంది. ఇన్నాళ్ళూ ఇది ముప్పై అయిదు అన్నప్పుడల్లా..."

"తొట్టెలో ముప్పైయే ఉంది" అంది నీళ్ళక్క.

ఇక ఆపైన చెప్పింది డాక్టరమ్మే. ఎవరూ అడగకుండానే, తనతో తానే వాదించుకుంటున్నట్టు చెప్పుకుపోయింది. "అందుకే చేపలకు ఏమీ కాలేదు. అవి తట్టుకుంటాయి. ఒంట్లో ఉప్పు సర్దుకునే ఏర్పాటు వాటికుంది. నక్షత్రాలకు లేదు. రాణికీ లేదు. బయటి నీళ్ళెంతో వాటి ఒళ్ళూ అంతే. రోగమైతే ముందు చేపల మీద పడాలి కదా! చేపలు హాయిగా తిరుగుతుంటే నేను రోగమని రాశాను. కళ్ళ ముందుంది. నాకు కనపడలేదు."

ఆమె వెనక్కి తిరిగింది.

"వదినా" అంది.

ఒక్కటే మాట. 

"నీ మీద రాశాను వదినా. నా రిపోర్టే తప్పు. సార్, అది నేను వెనక్కి తీసుకుంటున్నాను. అందరి ముందూ చెబుతాను."

"ముందు ఆ స్క్రూడ్రైవరు అందుకో. ఏడుపు తరవాత" అంది నీళ్ళక్క, తన కళ్ళు తుడుచుకుంటూ.

గొట్టం మీద చిన్న మర ఉంది. ఉప్పునీళ్ళ బొట్టు అద్దం మీద ఉండగానే డాక్టరమ్మ కన్ను పెట్టి చూస్తుంటే, నీళ్ళక్క ఆ మరను వెంట్రుకంత వెంట్రుకంత తిప్పింది. "ఇంకా... ఇంకొంచెం... ఎక్కువైంది, వెనక్కి... ఆఁ! అక్కడే!" గీత ముప్పై అయిదు మీదికి వచ్చి నిలిచింది.

సూపర్నెంటు గారికి ఇంకో సందేహం పుట్టింది. "ఇప్పుడు దీని సున్నా తప్పిపోయింది కదమ్మా?"

"తప్పింది సార్. మన తొట్టెల్లో మంచినీళ్ళు లేవు కదా! సున్నా దగ్గర ఇది ఏం చెబితే మనకెందుకు? ముప్పై అయిదు దగ్గర నిజం చెబితే చాలు."

ముగ్గురూ పెద్ద తొట్టె దగ్గరికి వెళ్ళి ఆ నీళ్ళు కొలిచారు. ముప్పై. ఈసారి సూపర్నెంటు గారు కూడా చూసి, "ముప్పైయే" అని గట్టిగా అన్నారు, ఎక్కడో పైవాళ్ళకు వినిపించాలన్నట్టు. తరువాత జేబులోంచి వాల్వు తాళంచెవి తీసి, రెండు చేతులతో నీళ్ళక్కకు అందించారు.

"ఇది మీ దగ్గరే ఉండాలమ్మా. నా దగ్గరుంటే మోగుతూ ఉంటుంది."

*

ఒక్కసారిగా ఉప్పు పెంచితే బతకాల్సినవి కూడా పోతాయి. అందుకని నీళ్ళక్క కొంచెం కొంచెంగా పెంచింది. ప్రతి కొలతకూ ముందు ఉప్పునీళ్ళ బొట్టుతో గొట్టాన్ని సరిచూసుకుంది. పక్కన డాక్టరమ్మ నిలబడేది. వదినామరదళ్ళు ఒకరికొకరు బొట్టు పెట్టుకుంటున్నారని సిబ్బంది నవ్వుకున్నారు. ఆ నవ్వు వాళ్ళిద్దరికీ బాగానే ఉంది.

ముందు నక్షత్రాలు గట్టిపడ్డాయి. చేతులు వేలాడేసుకుని అడుగున పడి ఉన్నవి ఒక్కొక్కటే అద్దం పట్టుకుని పైకి పాకసాగాయి. రాణి మాత్రం అలాగే ఉంది. నీళ్ళక్క మాట్లాడించింది, కసిరింది, బతిమాలింది. "నీకేం తక్కువ చేశానే తల్లీ" అంది ఒకరోజు, అద్దానికి నుదురు ఆనించి.

ఆదివారం ఉదయం గేట్లు తీసిన కాసేపటికి హాల్లోంచి పెద్ద కేక వినిపించింది.  నీళ్ళక్క చేతిలో బకెట్టు ఉన్నది ఉన్నట్టే వదిలేసి పరిగెత్తింది. తొట్టె ముందు జనం. తోసుకుని ముందుకు వెళ్ళింది.

రాణి విచ్చుకుంటోంది.

ముందు ఒక పక్క రెక్కలు చాచింది, నిద్రలేచి ఒళ్ళు విరుచుకున్నట్టు. తరువాత రెండో పక్క. లేతాకుపచ్చ వేళ్ళన్నీ, చివర్లు గులాబి రంగులో, నీటితో పాటు ఊగుతూ నిండుగా పరుచుకున్నాయి. ఇన్నాళ్ళూ దిక్కులేనట్టు తిరిగిన నారింజ చేపల జంట ఆ రెక్కల మధ్యలోకి దూరి, తన ఇంట్లో తాను సర్దుకుంది. చప్పట్లు మొదలయ్యాయి. ముందు పిల్లలు, తరువాత పెద్దలు, ఆ తరువాత టిక్కెట్ల గదిలోంచి వచ్చినవాళ్ళు.

సూపర్నెంటు గారు బెంచీ ఎక్కారు. "ఈ తొట్టెను బతికించింది వీళ్ళిద్దరూ!" అన్నారు.

"ఇద్దరూ కాదు. మా వదిన. నేను దీన్ని చంపమని రాసినదాన్ని" అంది డాక్టరమ్మ, హాలంతా వినపడేలా.

నీళ్ళక్క ఆమె చెవి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. "నోరుమూసుకుని చూడవే. మళ్ళీ ముడుచుకుంటుంది."

అప్పుడే జనాన్ని పక్కకు తప్పిస్తూ చక్రాల కుర్చీ వచ్చింది. అందులో అత్తగారు, నెడుతూ రొయ్యలాయన. ఇంట్లో మాటలు మొదలయ్యాయని తెలిశాక ఆయనా ఇంటికి రావడం మొదలుపెట్టాడు. అత్తగారు రాణిని కళ్ళారా చూసి, "నా కాటా చలవే ఇదంతా" అని పక్కవాళ్ళకు చెప్పడం ప్రారంభించారు.

రొయ్యలాయన మొహం వెలిగిపోతోంది. "శభాష్! ఇవాళ మనింట రెండు శుభాలు. ఇక్కడ రాణి లేచింది. అక్కడ మన రొయ్యపిల్లలు కొత్త తొట్టెల్లోకి దిగుతున్నాయి. ఇంత మంచి బ్యాచి ఈ మధ్యకాలంలో లేదు."

"దిగుతున్నాయా? ఎవరు దించుతున్నారండీ?"

"మనవాళ్ళే. పొద్దున్న సగం నా ముందే దించారు. మిగతా సగం ఇప్పుడు దించుతూ ఉంటారు. నీళ్ళు నేనే కొలిచాను, ఏం భయంలేదు. పాత గొట్టం మసకబారిపోయిందని ఇవాళే కొత్తది బయటికి తీశాను." ఆయన చొక్కా జేబులోంచి జానెడు గొట్టం ఒకటి తీసి మురిపెంగా చూపించాడు. "చెల్లెలు నా పుట్టినరోజుకిచ్చింది. మీకు తెప్పించినప్పుడే, ఆ పెట్టెలోంచే."

డాక్టరమ్మ చెయ్యి నోటికి పోయింది. "అన్నయ్యా, అది వాడట్లేదనుకున్నాను. ఎక్కడో పడేశావనుకున్నాను!"

"పడెయ్యడమేమిటే? సున్నా చూసుకున్నాను. ముచ్చటగా సున్నా మీదే ఉంది."

నీళ్ళక్క ఆయన చేతిలోంచి గొట్టం లాక్కుంది. "పిల్లలున్న పాత తొట్టెలు పాత గొట్టంతో కొలిచినవేనా?"

"ఆఁ. అయితే?"

"కొత్తవి దీంతో కొలిచారు. రెండు నీళ్ళూ ఒకటేనని పిల్లల్ని దించేశారు. కొత్తవాటిలో ఉప్పు తక్కువ, ఒక్కసారిగా అంత తేడా ఆ పిల్లలు తట్టుకోలేవు." ఆమె ఫోను తీసి హేచరీకి కలిపింది. మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తడం లేదు. మోటార్ల హోరులో అక్కడ ఫోను ఎవరికి వినిపిస్తుంది?

"ఏమైందే?" అన్నాడు రొయ్యలాయన. అప్పటికి గాని ఆయన నవ్వు తగ్గలేదు.

"సగం ఇంకా పాత నీళ్ళలోనే ఉన్నాయి. పదండి! అమ్మాయీ, ఉప్పునీళ్ళ సీసా పట్టుకో. అత్తయ్యా, మీరు రాణిని చూస్తూ ఉండండి!"

చప్పట్లు ఇంకా మోగుతూనే ఉన్నాయి. వదినామరదళ్ళిద్దరూ జనం మధ్యలోంచి గేటు వైపు పరుగందుకున్నారు. వెనక కారు తాళాల కోసం జేబులన్నీ తడుముకుంటూ రొయ్యలాయన.